పై అంతస్తులో ఒక కుర్చీ

ట్రైనింగ్ మేడమ్ గారికి,

కొత్త కోర్సులో ఈసారీ నా పేరు లేదు. ఎందుకని అడిగితే మీరు నవ్వి, "మీకెందుకండీ ఇవన్నీ? పాత సిస్టమ్ తెలిసింది మీ ఒక్కరికే కదా!" అన్నారు. మెచ్చుకుంటూనే అన్నారు. ఆ మెచ్చుకోలే నా కొంప ముంచింది.

నా పక్కన కూర్చునేవాళ్ళంతా కొత్తవి నేర్చుకుని ఒక్కొక్కరే పై అంతస్తుకి వెళ్ళిపోయారు. మా హాల్లో మనిషి అలికిడి లేకపోతే లైట్లు వాటంతటవే ఆరిపోతాయి. కూర్చున్నచోటి నుంచే గాల్లో చెయ్యి ఊపి వెలిగించుకుంటున్నాను. క్యాంటీన్లో కొత్త టూల్స్ మీద వాళ్ళు వేసుకునే జోకులు నాకు అర్థంకావు. అందరూ నవ్వాక నేనూ నవ్వుతాను.

మొన్న పాత సిస్టమ్ ఆగిపోతే పైనుంచి అందరూ పరుగున దిగొచ్చి నా కుర్చీ చుట్టూ నిలబడ్డారు. ఒకతను టీ కూడా తెచ్చిపెట్టాడు. నిజానికి అది చిటికెలో అయిపోయే పని మేడమ్. సాయంత్రం దాకా చేశాను.

దయచేసి నన్నూ క్లాసులో కూర్చోనివ్వండి, వెనక కుర్చీ అయినా చాలు. మొన్న అది దానంతటదే ఆగింది. వచ్చేసారి సంగతి నేను చెప్పలేను.

ఇట్లు,
కింది అంతస్తు నుంచి