బెంచీ మీద కూర్చున్నవాళ్ల సంగతి

మంగళవారం, రాత్రి

నేను రాసుకునే ఈ పుస్తకం ఇన్నాళ్లూ నేనొక్కణ్ణే చదువుకున్నాను. ఈ పేజీ ఇంకొకరు చదివేలా ఉంది కాబట్టి ముందే చెబుతున్నా. రాత వంకర, తప్పులు చాలా. ఊరి బడిలో ఐదో తరగతి వరకే చదివాను, మన్నించాలి.

కోడలు సుజాత పన్నెండేళ్లుగా నర్సు. ఇప్పుడు దవాఖానను నడిపించే పెద్ద చదువు, రెండేళ్ల ఎంహెచ్‌ఏకు దరఖాస్తు పెట్టింది. రేపు ఇంటర్వ్యూ. అన్నం దగ్గర నన్నడిగింది.

"మామా, దవాఖానల ముందుగాల ఏం మార్చాలె? గిదే అడుగుతరట. నువ్వైతే ఏం చెప్తవ్?"

నేను పప్పు కలుపుకుంటూ ఉండిపోయాను.

"ఆ గోడనడుగు, జల్ది చెప్తది," అంది మా ఆవిడ.

సుజాత నవ్వలేదు. తను చదవడం నాకిష్టం లేదనుకుందేమో.

అది కాదు. పోయిన నెల బీపీ చూపించుకోవడానికి దవాఖానకు వెళ్లి, కిటికీలో చీటీ ఇచ్చి బెంచీ మీద కూర్చున్నాను. నా వెనక వచ్చినవాళ్లు గట్టిగా అడిగి లోపలికి పోయారు. నేను లేచి అడగలేకపోయాను. మధ్యాహ్నం కిటికీ మూశారు. పక్కన కూర్చున్న కోహీర్ ఊరి నుంచి వచ్చిన ముసలామె కూడా నాలాగే లేచి వెళ్లిపోయింది. చూపించుకున్నానని ఇంట్లో అబద్ధం చెప్పాను. బీపీ గోలీలు ఇప్పటికీ లేవు.

సుజాతా, రేపు అదే చెప్పు. ఒక మనిషి గంటకోసారి బెంచీల వెంట నడిచి, అడగనివాళ్లను అడగాలి. అది నేర్పే చదువైతే తప్పక చదువు. మనవరాలిని బడికి నేను దింపుతా.

ఈ పుస్తకం నీ టిఫిన్ డబ్బా కింద పెడుతున్నా. పొద్దున బస్సెక్కేలోపు ఇక్కడే రెండు మాటలు రాసిపో బిడ్డా. ఏమనుకున్నావో నేనైతే అడగలేను.