ఇద్దరు సొంబారిలు, ఒకే ఫొటో

అన్నా,

నువ్వు జ్వరంతో పోయి ఈ వారానికి ఏడాది. విండోస్ పేరెత్తితేనే మండిపడేవాడివి. నేను నువ్వు వద్దనే ఆ పనే చేశాను. మన ఆశ్రమ పాఠశాల కోసం నువ్వు సీడీలో తెచ్చి, తెలుగులో పనిచేసేలా మార్చిన ఆ హాజరు, మార్కుల ఉచిత సాఫ్ట్‌వేర్‌ని లినక్స్ నుంచి విండోస్‌కి మార్చాను. పై ఆఫీసువాళ్లు పాడేరు నుంచి జీపులో కొత్త విండోస్ సర్వర్ పంపి, "ఇందులో నడిస్తే సరే, లేదంటే మళ్లీ రిజిస్టర్లే రాసుకోండి" అన్నారు.

నెల పట్టింది. హాజరు, మార్కులు అన్నీ వచ్చేశాయి. మొన్న పిల్లలకి చూపిస్తుంటే నాలుగో తరగతి సొంబారి తెర దగ్గరకొచ్చి, తన పేరు పక్కనున్న ఫొటో చూసి, "ఏటి సారూ, ఇది నాను కాదు. పెద్ద సొంబారి" అంది.

సోమవారం పుట్టిన ఇద్దరికీ అదే పేరు. ఫొటో ఫైళ్ల ఇంగ్లీషు పేర్లలో ఒకరికి పెద్ద ఎస్, ఇంకొకరికి చిన్న ఎస్ పెట్టి నువ్వు వేరు చేశావు. లినక్స్ ఆ తేడా చూస్తుంది, విండోస్ చూడదు. కాపీ చేసేటప్పుడు ఒకరి ఫొటో మీద ఇంకొకరిది పడిపోయింది.

ఫైళ్లకి అడ్మిషన్ నంబర్లు పెట్టాను. పాత కంప్యూటర్ తెరిచి ఆ పిల్ల ఫొటో వెతికాను. రెండో తరగతి నాటిది, ముందు పళ్లు లేవు. "కొత్తది తీద్దామా?" అని అడిగాను.

"వద్దు సారూ, ఇదే ఉంచీయండి. ఆ సారు నవ్వమన్నారు, నవ్వీసినాను."

అదే ఉంచాను. అందులో ఆ పిల్ల నవ్వుతున్నది కెమెరా పట్టుకున్న నిన్ను చూసే, అన్నా.