పలకెక్కిన బిళ్ళ

గోదావరిఖని,
17 నవంబరు 2025, సోమవారం.
పొద్దున చలి, పదింటికల్లా ఎండ. కిటికీ ఊచల మీది బొగ్గు దుమ్ము తడిగుడ్డతో తుడిచాను.

చెల్లె మక్సూదాకు సదానందం సలాం. రామకృష్ణాపూర్‌లో నువ్వు, బిడ్డ మహెజబీన్ కుశలమని తలుస్తాను. ఇక్కడ నేను, మీ ఐలవ్వ వదిన ఉన్నంతలో బాగానే ఉన్నాం. తారీకు, వాతావరణం, చేసిన పని రోజూ పుస్తకంలో రాసుకునే అలవాటు కదా, ఉత్తరం కూడా అట్లనే మొదలైంది. ఏమనుకోకు. నాకు అక్షరాలు నేర్పింది మీ ఆయన ఖైజరే. బొగ్గు టబ్బు మీద సుద్దతో రాసి దిద్దించాడు. ఒత్తులు ఇప్పటికీ తప్పుతాయి.

తొమ్మిదేళ్ళుగా నీకు ఒక్క అక్షరం రాయలేదు. ఎందుకు రాయలేదో నీకు తెలుసు. ఖైజర్ పోయి, నువ్వు గడప దాటని ఇద్దత్ దినాలు ముగిశాక మా ఇంటికి వచ్చి నువ్వు ఒకే మాట అడిగావు. "అన్నా, మా ఆయన బిళ్ళ పలక మీదికెల్లి ఎవరు తీసిన్రు?" తెల్వదన్నాను. నువ్వు చాయ్ కూడా తాగకుండా లేచిపోయావు. మళ్ళీ మా గడప తొక్కలేదు.

ఇప్పుడు నీకు బొగ్గు బాయి మీద బిళ్ళల కౌంటర్లోనే డ్యూటీ అని, కావాలని ఆ పనే అడిగి తీసుకున్నావని విన్నాను. కాబట్టి నీకు వివరం చెప్పనక్కరలేదు. లోపలికి దిగేవాడు తన నంబరు బిళ్ళ పలకకు తగిలించి పోతాడు, పైకి వచ్చినవాడు తీసుకుంటాడు. పలక మీద బిళ్ళ ఉంటే మనిషి లోపల ఉన్నట్టు. పలక ఖాళీ అయితే బాయి ఖాళీ. ఆ శనివారం మొదటి షిఫ్టు ముగిశాక పలక ఖాళీగా ఉంది, ఆ తర్వాత ఎవరూ దిగలేదు. మరునాడు ప్లేడే, లోపల పని లేదు. పంపు చూడటానికి దిగిన మనిషికి ఖైజర్ కనిపించేసరికి ఆదివారం పది దాటింది. కప్పు కూలి నడుము దాకా పడింది. బిళ్ళ ఎక్కడా దొరకలేదు. పలక దగ్గర డ్యూటీలో ఉన్న సదయ్య బావ మీదికి వచ్చింది నేరం. "చెయ్యి జూసిన, మొఖం జూడలె" అన్నాడు పాపం. ఎవరూ నమ్మలేదు. రిటైరయ్యేదాకా ఆయన వెనక గుసగుసలు ఆగలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మొన్న గురువారం మా రిటైరైన వాళ్ళ సంఘం బస్సు మాట్లాడుకొని హైదరాబాద్ అవతల కొత్తగా పెట్టిన ఆటల పార్కుకు పోయింది. నేను రానన్నాను. రెండు మోకాళ్ళూ అరిగిపోయి యాభై అడుగులు వేస్తే కూలబడుతున్నాను. ఐలవ్వ వినలేదు. సదయ్య బావ అయితే, రాకుంటే మంచంతో సహా బస్సు మీద కట్టి తెస్తానన్నాడు.

గేటు దగ్గర నడవలేనివాళ్ళకు కరెంటు బండ్లు ఇస్తున్నారు. మొబిలిటీ స్కూటర్ అని బోర్డు రాసి ఉంది. ఎర్రటి బండి, కుర్చీ లాంటి సీటు, ముందర బుట్ట. మీట నొక్కితే పోతుంది, వదిలితే ఆగుతుంది. వేగం తిప్పే చోట ఒక పక్క తాబేలు బొమ్మ, ఒక పక్క కుందేలు బొమ్మ. నేను తాబేలు మీదనే ఉంచాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఐలవ్వ అందరూ వినేటట్టు, "పెండ్లిల గుర్రమెక్కుమంటే ఎక్కకపాయె, గిప్పుడెక్కిండు సూడు" అన్నది. సదయ్య బావ ముందు నడుస్తూ, జరుగున్రి, దొరగారి బండి వస్తున్నదని జనాన్ని పక్కకు జరిపాడు. కాసేపటికి నాకూ బాగనిపించింది, చెల్లె. మూడేళ్ళ తర్వాత నా అంతట నేను, ఎవరి భుజమూ పట్టుకోకుండా, పూల మడుల మధ్య గాలి మొహానికి తగులుతుండగా పోయాను. నీళ్ళ ఆటల దగ్గర ఒక చంటిపిల్ల చెయ్యి ఊపితే హారన్ కూడా కొట్టాను.

బాగనిపించనిది ఒకటే. బండి ఇచ్చిన పిల్ల నా ఆధార్ నంబరు రాసుకొని చేతిలో ఒక గుండ్రటి బిళ్ళ పెట్టింది. ప్లాస్టిక్ బిళ్ళ, నడుమ రంధ్రం, నంబరు. ఆమె వెనక గోడకు పలక, పలకకు కొక్కేలు. బండి ఏ గేటు దగ్గర వదిలినా ఫరవాలేదు, బిళ్ళ తెచ్చిస్తే చాలు, అది పలకెక్కితే మీరు బయటికి వచ్చినట్టు లెక్క అని చెప్పింది. మన బాయి లెక్కకు తలకిందులు. ఆ పిల్ల పేరు యమున. బిళ్ళ చొక్కా జేబులో వేసి గుండీ పెట్టుకున్నాను. పెట్టుకున్నది బాగా గుర్తుంది.

నాలుగింటికి మావాళ్ళంతా ఒక బొంకు గని దగ్గర ఆగారు. సిమెంటు గుట్టకు మొగదల కట్టి, బంగారు గని అని పేరు పెట్టారు. నలభై ఏండ్లు బొగ్గు తవ్వినవాళ్ళు డబ్బులు పెట్టి గనిలోకి పోవడానికి వరుసలో నిలబడి ఒకరినొకరు వెక్కిరించుకున్నారు. వాళ్ళు చిన్న రైలు ఎక్కారు. నా బండికి పక్క నుంచి వేరే దారి ఉంది. ఐలవ్వ కాళ్ళు గుంజుతున్నాయని బయట బెంచీ మీద కూర్చుంది. నేను ఒక్కడినే లోపలికి పోయాను.

లోపల సన్న దారి. పక్కన బొమ్మ కార్మికులు, నెత్తికి లైట్లు. నీళ్ళు కారుతున్న చప్పుడు ఎక్కడో పెట్టెలోంచి వినిపిస్తున్నది. అలవాటు చొప్పున చేతికర్ర ఎత్తి కప్పును కొట్టి చూశాను. కప్పు గట్టిగా ఉంటే ఖంగుమంటుంది, విడిచి ఉంటే డొల్లగా పలుకుతుంది. సిమెంటు పెచ్చు కదా, డొల్లగా పలికింది. అది బొమ్మ కప్పని తెలిసీ నా వీపు చెమట పట్టింది.

మలుపు తిరిగాక వాసన వచ్చింది. తడి బొగ్గు వాసన. ఏసీ పెట్టిన సిమెంటు గుహలో ఆ వాసన ఎట్లా వస్తుంది? నేను మోసపోను, చెల్లె, ఆ వాసనలో ముప్పై ఆరేండ్లు బతికాను. అప్పుడే బండి కూయడం మొదలుపెట్టింది. యమున ముందే చెప్పింది, ఒక్కరే కూర్చోవాలి, ఇద్దరి బరువు పడితే కూస్తుందని. వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. బండి వెనక భాగం మాత్రం కిందికి కుంగినట్టు అనిపించింది. తాబేలు నడక ఇంకా మెల్లగైంది. కూత ఆగింది, బండి ఆగింది, ఆ తర్వాత లైట్లు పోయాయి. నీళ్ళ చప్పుడు కూడా ఆగిపోయింది.

బాయి చీకటి ఎట్లుంటుందో బయటివాళ్ళకు తెలియదు. కళ్ళు అలవాటు పడని చీకటి అది. నేను భయపడలేదు. బిళ్ళ నా దగ్గర ఉంది, పలక మీద కొక్కెం ఖాళీగా ఉంది, మూసే వేళకు చూసుకుంటారు, వస్తారు అనుకున్నాను. ధైర్యానికి జేబు తడుముకున్నాను. గుండీ పెట్టే ఉంది. బిళ్ళ లేదు.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. అరిచాను. మోకాళ్ళు నిలబడనివ్వలేదు. ఫోను ఐలవ్వ సంచిలో ఉంది. నా పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఎవరో ఊపిరి తీస్తున్నారు. దమ్ము పట్టినవాడి ఊపిరి కాదు. చాలాసేపు ఓపిక పట్టినవాడి ఊపిరి. నేను పేరు పెట్టి పిలవలేదు. పిలిస్తే పలుకుతాడని భయమేసింది.

చివరికి ఫోను లైటు పట్టుకొని వచ్చింది సదయ్య బావ. తర్వాత ఐలవ్వ చెప్పింది. లోపలికి పోయిన మనిషి బయటికి రాలేదని తను మొత్తుకున్నా ఎవరూ వినలేదట. బిళ్ళలన్నీ పలకెక్కాయి, అందరూ బయటికి వచ్చేశారు, మీవాడు ఏ గేటు దగ్గరో ఉంటాడు పొమ్మన్నారట పార్కు వాళ్ళు. సదయ్య బావ కౌంటర్ ముందు నుంచి కదలలేదట. "బిళ్ళ వస్తే ఏంది, మనిషి వచ్చిండా? నేను బిళ్ళలను నమ్ముడు బంద్ జేసిన. మనుషులనే లెక్కబెడ్త" అన్నాడట. వాళ్ళు తాళం తీసేదాకా అక్కడే కూర్చున్నాడట.

కౌంటర్ దగ్గరికి తెచ్చారు నన్ను. పలక మీద నా నంబరు బిళ్ళ వేలాడుతున్నది. పై అధికారి ఆ పిల్ల యమునను అందరి ముందరా నిలబెట్టి అడుగుతున్నాడు. బిళ్ళ ఎవరిచ్చారు, మనిషిని చూడకుండా ఎట్లా తగిలించావు, రేపటి నుంచి రావద్దు అని. ఆ పిల్ల ఏడుస్తూ, "జనం మస్తుగ ఉన్నరు సార్. చెయ్యి జూసిన, మొఖం జూడలె. బిళ్ళ తడిగ ఉండె" అన్నది. సదయ్య బావ నా పక్కనే ఉన్నాడు. ఆయన చేతిలో నా చెయ్యి ఉంది. ఆ మాట వినగానే ఆయన నా చెయ్యి వదిలేశాడు.

నేను పలక దగ్గరికి పోయి బిళ్ళ ముట్టుకున్నాను. తడి ఆరలేదు. వేలికి నల్లగా అంటింది. ఒక్క తుడుపుకు పోని నలుపు అది, నీకు తెలుసు.

అప్పుడు నా నోట్లోంచి మాట వచ్చింది. "ఆ పిల్లనేం అనకున్రి సార్. నేనే ఇచ్చిన. ఇచ్చి మర్చిపోయి మళ్ల లోపలికి వోయిన." అధికారి నన్ను ఎగాదిగా చూసి, ముసలితనం అనుకున్నాడేమో, ఆ పిల్లను వదిలేశాడు. యమున నా కాళ్ళు పట్టుకోబోయింది. నేను ఇవ్వలేదని ఆమెకు తెలుసు. చెయ్యి చూసింది కదా.

బస్సులో అందరూ పాటలు పాడుతున్నారు. సదయ్య బావ నా పక్క సీట్లో కిటికీ వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. సుల్తానాబాద్ దాటాక నెమ్మదిగా అన్నాడు. "నేనే అన్నవు సూడు, మంచిగన్నవు బావ. గా ఒక్క మాట అనెటోడు నాకు అప్పుడు దొరకలె."

ఆ రోజు పుస్తకంలో ఏమీ రాయలేదు. తారీకు ఒక్కటే ఉంది.

మహెజబీన్‌కు దీవెనలు. నీ ఆరోగ్యం చూసుకో. చలికి మఫ్లర్ లేకుండా డ్యూటీకి పోకు.

నీ అన్న,
సదానందం

తా.క. ఇంతవరకు రాసి మడిచి, మళ్ళీ విప్పాను.

ఖైజర్ బిళ్ళ తీసింది నేనే. పని ముగించి నేను పైకి వస్తుంటే, కప్పు పొడిచే సబ్బలి మరిచిన, తెచ్చుకుంట అని వెనక్కి మళ్ళాడు. "నువ్వు నడువ్ అన్న, నా బిళ్ళ గూడ తీస్కో. లైన్ల నిలవడితె బస్సు పోతది" అన్నాడు. ఇట్లా మేము ఎన్నిసార్లు చేశామో. రూలుకు విరుద్ధం, దొరికితే ఉద్యోగం పోతుంది, అయినా అందరం చేసేదే. సదయ్య బావ చూసిన చెయ్యి నాది. రెండు బిళ్ళలు తీసి బస్టాపులో నిలబడ్డాను. బస్సు వచ్చింది, ఎక్కాను. ఆయన వెనక బస్సుకు వస్తాడనుకున్నాను.

ఇది ఒక తప్పు. దీన్ని నువ్వు ఎప్పుడైనా మన్నించేదానివేమో. రెండోది చెప్తాను.

సాయంత్రం ఆరింటికి నువ్వు ఫోను చేశావు. "మా ఆయన పైకొచ్చిండా అన్న" అని అడిగావు. పలక ఖాళీగ ఉందంటే వచ్చినట్టే చెల్లె అన్నాను. అప్పుడు ఆ బిళ్ళ నా జేబులోనే ఉంది. మాట్లాడుతూ చేత్తో పట్టుకొనే ఉన్నాను. ఇంకా రెండేండ్ల సర్వీసు ఉండె. చార్జిషీటుకు భయపడ్డాను. ఎక్కడో దోస్తుల దగ్గర ఉంటాడులే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆయన ఆ రాత్రి పదింటి దాకా బతికి ఉన్నాడని డాక్టరు రాసిన కాగితం నువ్వూ చూశావు. నీ ఫోను తర్వాత ఇంకా నాలుగు గంటలు.

మొన్న చీకట్లో కూర్చున్నప్పుడు నాకు తెలిసింది ఇదే. ఖైజర్‌కు తెలుసు పలక ఖాళీ అని. తీయమన్నది తనే కదా. సైరన్ కోసం, రెస్క్యూ వాళ్ళ కోసం ఆయన ఎదురుచూసి ఉండడు. తను లోపల ఉన్నట్టు లోకంలో తెలిసింది ఒక్కడికే. ఆ ఒక్కడు వస్తాడని చూశాడు. ఆ ఒక్కడు నీకు ఫోనులో పలక ఖాళీ అని చెప్పి, అన్నం తిని పడుకున్నాడు.

ఆయన బిళ్ళ, 1146, ఈ కవరులో పెడుతున్నాను. ఇన్నేండ్లు నా పుస్తకాల కింద దాచాను. దీన్ని, ఈ కాగితాన్ని నువ్వు ఎవరికి చూపినా సరే. అడిగితే వచ్చి చెప్తాను.

కవరు అంటించలేదు. గేటు చప్పుడైంది. రోజూ వచ్చే వేళకే సదయ్య బావ వచ్చాడు. చెప్పులు విప్పుతూ ఐలవ్వను చాయ్ అడుగుతున్నాడు. నీకంటే ముందు ఈ కాగితం ఆయన చేతికి ఇచ్చి, చదివేదాకా ఎదురుగా కూర్చొని, ఆ తర్వాతే కవరు అంటిస్తాను.