బాబు మడమలు

మంగళవారం రాత్రి

బాబు రెండు మడమల దగ్గరా ఉన్న మెత్తటి బుడిపెలు చూసి అమలాపురం డాక్టరుగారు నవ్వారు. ఒట్టి కొవ్వేనట, ఏమీ చెయ్యక్కర్లేదట. ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నాయా అని అడిగితే, "ఆయ్, మా అబ్బాయికీ చంటప్పుడు ఇలాగే ఉండేవండి" అన్నారు అత్తయ్యగారు.

"కడుపుతో ఉండి స్కూటీ మీద స్కూలుకి తిరిగేవు, అందుకే" అని మూడు నెలలు నన్ను పొడిచింది ఈవిడే. చర్చిలో ఎవరి కంటా పడకూడదని ఇంత ఎండలోనూ వాడికి సాక్సులు వేయించింది.

సాయంత్రం పక్కింటావిడ వస్తే తనే ఆ సాక్సులు విప్పి, "చూడండి, అచ్చం వాళ్ళ నాన్న పాదాలే" అని మురిసిపోయింది.

తన మడమల సంగతి మా ఆయనకూ తెలుసా? మస్కట్ నుంచి రోజూ వీడియో కాల్‌లో ఆ సాక్సులు చూస్తూ, నన్నంటున్న మాటలు వింటూ, ఒక్కరోజైనా నోరు విప్పలేదే...