ఎరుపు, పచ్చ, ఎరుపు

నవంబరు 6, సోమవారం

ఈ డైరీ వ్యక్తిగతం. మ్యూజియం రికార్డులో భాగం కాదు. రికార్డులో రాయవలసింది మధ్యాహ్నమే రాసేశాను. ఒకే మాట: ఫిట్.

ఆ మాట అబద్ధం.

నవంబరు 7, మంగళవారం, ఉదయం 5.50

నిద్ర ఎలాగూ పట్టలేదు గనుక వివరాలు నమోదు చేస్తున్నాను.

మా మ్యూజియంలో రాతి క్వారీల్లో పనిచేసి రిటైరైన ఇంజన్లు పదకొండు ఉన్నాయి. పదింటిని తుప్పు పట్టకుండా చూసుకోవడం మా విధి. పదకొండోది నాలుగో నంబరు. అది ఆవిరి మీద ఇప్పటికీ నడుస్తుంది. దాన్ని నడపడం తెలిసిన మనిషి మాకు ఒక్కరే ఉన్నారు. ఆయన మా అక్క భర్త. క్వారీ మూతపడిన రోజు చివరి బండెడు రాయి లాగింది కూడా ఆయనే. వయసు అరవై ఎనిమిది. నేను ఇక్కడ రికార్డుల అధికారిని, భద్రతా పరీక్షకుణ్ణి, సూపరింటెండెంటు సెలవులో ఉన్నప్పుడు సూపరింటెండెంటును. సూపరింటెండెంటు నాలుగేళ్ళుగా సెలవులో ఉన్నారు.

డ్రైవరుకు ఏటా చూపు పరీక్ష జరపాలి. పద్ధతి పాత క్వారీ రూల్‌బుక్కులో ఉంది. పరీక్షకుడు వంద అడుగుల దూరాన నిలబడి మూడుసార్లు జెండా ఎత్తాలి. ఏ వరుసలో ఎత్తాలో కూడా అచ్చు వేశారు: ఎరుపు, పచ్చ, ఎరుపు. డ్రైవరు చూసి, రంగు పైకి చెప్పాలి. ఆ పుస్తకం ప్రతి డ్రైవరు చేతిలోనూ ఉండేది. తొంభై ఏళ్ళలో ఈ పరీక్ష ఒక్కరూ తప్పలేదు. క్వారీ కార్మికుల కంటి ఆరోగ్యానికి ఇది నిదర్శనమని మా బ్రోషరులో ఉంది. రాసింది నేనే.

నిన్న పచ్చ జెండా కనిపించలేదు. మ్యూజియం కమిటీ అధ్యక్షులవారి టేబులు మీద పరిచారని తర్వాత తెలిసింది. వాయిదా వేస్తే ఫారం మీద తేదీ కొట్టివేయాలి. కొట్టివేతలంటే నాకు పడదు. మూడుసార్లూ ఎరుపే ఎత్తాను. బావ ఏదో ఒక వెటకారం ఆడతారు, నవ్వుకుని ఇంటికి పోతాం అనుకున్నాను.

బావ కళ్ళకు చేయి అడ్డం పెట్టుకున్నారు. గొంతు సవరించుకున్నారు. ఏ మాత్రం తడబడకుండా చెప్పారు: ఎరుపు. పచ్చ. ఎరుపు.

నవంబరు 7, సాయంత్రం

మూడింటికి రెండు సరిపోయాయి. కాలేజీలో ఇది ఫస్టు క్లాసు.

నవంబరు 8, బుధవారం

ఎందుకు ఫిట్ అని రాశానో నాకు నేనే సంజాయిషీ ఇచ్చుకుంటున్నాను.

క్వారీ మూసేశాక బావ ఎనిమిది నెలలు గోడకేసి చూస్తూ కూర్చున్నారు. అక్క మా ఇంటికొచ్చి, ఆయనకి అన్నం పెట్టడం గోడకి పెట్టినట్టే ఉందని ఏడ్చింది. అప్పుడు నేను కమిటీ వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి నాలుగో నంబరును బయటికి తీయించాను. మర్నాటి నుంచి బావ మనిషయ్యారు. ఇప్పుడు ఒక్క మాట రాసి మళ్ళీ ఆ గోడ ముందు కూర్చోబెట్టాలి. అక్క ముఖం తలచుకుంటే పెన్ను కదల్లేదు.

ఈ ఏడాది అక్క కూడా ఇంజను ఎక్కుతోంది. ఫైర్‌మన్‌గా బొగ్గు వేస్తానని మార్చిలో దరఖాస్తు పెట్టింది. అరవై దగ్గర పడుతున్న మనిషికి ఈ కోరిక ఏమిటని కమిటీ అంతా నవ్వింది. మొగుణ్ణి విడిచి ఉండలేకపోతోందని అధ్యక్షులవారు జోకు వేశారు. మినిట్స్‌లో ఆ జోకు కూడా రాశాను.

పంతొమ్మిదో తేదీ, ఆదివారం, మ్యూజియం రైలు పునఃప్రారంభం. స్కూలు పిల్లలు అరవై మంది వస్తారు. రెండు పెట్టెల్లో ఎక్కుతారు. లైను చివర ప్లాట్‌ఫారం, దాని తర్వాత అరవై అడుగుల పట్టాలు, అడ్డంగా ఒక చెక్క దిమ్మె, ఆ వెనక క్వారీ గొయ్యి. గోతిలో ఎనభై అడుగుల నీళ్ళు. బ్రోషరులో దాన్ని నీలి సరస్సు అని వర్ణించాం.

ఆ వర్ణన కూడా నాదే.

నవంబరు 10, శుక్రవారం

ఈ రోజు చెప్పేద్దామనుకున్నాను. చెప్పలేదు.

నవంబరు 11, శనివారం

గోప్యంగా పరిశీలన జరిపాను. ఫలితాలు ఈ విధంగా ఉన్నాయి.

షెడ్డులో బావ నడక నిక్షేపంగా ఉంది. ఏ స్పానరు ఎక్కడుందో చేయి చాపితే అందుతుంది. నూనె డబ్బా వంచితే చుక్క కింద పడలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. అనవసరంగా అయిదు రోజులు బెంగపెట్టుకున్నాననుకున్నాను.

పదకొండు గంటలకు కొక్కేనికి తగిలించిన నా కోటును చూసి, ఏవోయ్, ఎంతసేపైంది వచ్చి, అని పలకరించారు. కోటు జవాబివ్వలేదు. నేను ఆయన వెనకే ఉన్నాను. నేనూ ఇవ్వలేదు. ఏంటోయ్ అంత బిగుసుకుపోయావ్ అని నవ్వి, కోటు భుజం తట్టి, వెళ్ళిపోయారు.

నవంబరు 13, సోమవారం

తనిఖీ పేరుతో ఇంజను ఎక్కాను. ఉన్న ముగ్గురికీ అందులో చోటు లేదు. అక్క పారతో నా కాలి మీద రెండుసార్లు పొడిచింది. తప్పుకోరా అంది, అంతే.

గేటు దాటగానే బావ పెదవులు కదలడం మొదలైంది. ముందు ఏదో పాట అనుకున్నాను. కాదు, అంకెలు. ఒక్కో పట్టా అతుకు మీద చక్రం టక్కుమన్నప్పుడల్లా ఒక అంకె. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై. నలభై దగ్గర రెగ్యులేటరు మూసి ఆవిరి ఆపేశారు. బ్రేకు పిడి ఫైర్‌మన్ వైపు ఉంటుంది. కానీయ్ అన్నారు. అక్క తిప్పింది. బండి ప్లాట్‌ఫారానికి అంగుళం తేడా లేకుండా ఆగింది.

ఆయన చూస్తున్నది కళ్ళతో కాదు. అయినా ఎంత బాగా ఆపారు. దిగేసరికి మనసు కుదుటపడింది. నలభై ఉన్నంత కాలం భయం లేదనుకున్నాను. అంటే ఒక భద్రతా పరీక్షకుడు ఇలా అనుకున్నాడని రికార్డు కోసం రాస్తున్నాను.

నవంబరు 15, బుధవారం

పట్టాల మేస్త్రి వచ్చాడు. శుభవార్త చెబుతున్నట్టు నిలబడ్డాడు. గేటుకూ ప్లాట్‌ఫారానికీ మధ్య అరిగిపోయిన ముక్క మార్చేశాడట. పదిహేను అడుగుల పాత పట్టాలు పది జతలు తీసి, ముప్పై అడుగుల కొత్తవి అయిదు జతలు వేశాడట. అతుకులు తగ్గాయి, ఇక కుదుపుండదు, మీ పిల్లలు ఊయల్లో ఉన్నట్టు వెళ్తారు సార్ అన్నాడు. అనుమతి ఎవరిచ్చారని అడిగాను. మీరే, జులైలో, అని కాగితం చూపించాడు. సంతకం నాదే, చాలా అందంగా ఉంది.

అతను వెళ్ళాక లెక్క వేశాను. ఇప్పుడు ముప్పై అయిదు దగ్గరే ఆవిరి ఆపాలి. బావ నలభై దాకా ఆగుతారు. అయిదు పట్టాలు, ఒక్కోటి పదిహేను అడుగులు, మొత్తం డెబ్బై అయిదు అడుగులు. ప్లాట్‌ఫారం నుంచి దిమ్మెకు అరవై.

మరో మూడుసార్లు వేశాను. ప్రతిసారీ పదిహేను అడుగులు నీళ్ళ మీద తేలింది.

ఎల్లుండి ట్రయల్ రన్.

నవంబరు 16, గురువారం

మార్గం దొరికింది. ఎవరి మనసూ నొప్పించనక్కర్లేదు.

సర్క్యులర్ తయారు చేశాను. "పట్టాల మార్పు కారణంగా గేటు నుంచి ప్లాట్‌ఫారం వరకు గల అతుకుల సంఖ్య అయిదు తగ్గినదని డ్రైవర్లందరికీ తెలియజేయడమైనది." డ్రైవర్లందరూ అంటే బావ. టైపు చేసి, ముద్ర వేసి, షెడ్డుకు వెళ్ళి స్వయంగా అందజేశాను. బావ దాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని, పై నుంచి కింది దాకా తల ఆడించి, చూశాన్లేవోయ్ అని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

చాలా రోజుల తర్వాత కడుపునిండా భోజనం చేశాను.

నవంబరు 17, శుక్రవారం, మధ్యాహ్నం 12.15

దస్తూరీ బాగాలేకపోతే క్షమార్హం.

పది గంటలకు ట్రయల్. మొదటి పెట్టెలో అధ్యక్షులవారు ఒక్కరే, శాలువా కప్పుకుని. రెండో పెట్టెలో ఇసుక బస్తాలు. నేను స్టాప్‌వాచీ పట్టుకుని ప్లాట్‌ఫారం మీద ఉన్నాను. గేటు దాటిన దగ్గర్నుంచి నేనూ లెక్కపెట్టాను. ముప్పై మూడు. ముప్పై నాలుగు. ముప్పై అయిదు. ఆవిరి ఆగలేదు.

ముప్పై ఆరు దగ్గర అర్థమైంది. సర్క్యులర్ చదవాలంటే కళ్ళు కావాలి.

చూపు లేని మనిషికి నేను రాతపూర్వకంగా తెలియజేశాను. ముద్ర వేసి మరీ. నోటి మాటగా చెప్పి ఉంటే నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలు అంటే ఆయనకి కనపడదని నాకు తెలుసని ఒప్పుకున్నట్టవుతుందని కాగితం వెనక దాక్కున్నాను. ఇదంతా ఆ క్షణంలోనే తట్టింది. అరవబోయాను. అంతలోనే ఇంజను నా ముందు నుంచి వెళ్ళిపోయింది. బావ ముఖం ప్రశాంతంగా ఉంది. పెదవులు కదులుతున్నాయి.

అరిచింది అక్క. పార వదిలేసి, రెండు చేతులా బ్రేకు పిడి పట్టుకుని, ఒళ్ళంతా వేసి తిప్పింది. చక్రాలు కీచుమన్నాయి. బావ ఏమైందే ఏమైందే అంటూ రెగ్యులేటరు మూశారు. నేను పరుగెత్తాను. యాభై మూడేళ్ళ వయసులో ఎలా పరుగెత్తానో తెలియదు. బండికీ దిమ్మెకూ మధ్య చేయి పెట్టి కొలిచాను. జానెడు.

అధ్యక్షులవారు కిటికీలోంచి తల బయటపెట్టి, సరస్సు ఇంత దగ్గరగా చూపించడం మంచి ఆలోచన అని అభినందించారు.

నవంబరు 17, సాయంత్రం 4.00

అక్క షెడ్డు బయట పంపు దగ్గర చేతులు కడుక్కుంటోంది. అరచేతులు బొబ్బలెక్కాయి. దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నా వైపు చూడకుండానే మొదలుపెట్టింది.

"ఆ రోజు నేను షెడ్డు కిటికీలోనే ఉన్నాన్రా. నువ్వు మూడుసార్లూ ఎర్రదే ఎత్తావు. హమ్మయ్య, వీడికి తెలిసిపోయింది, ఇక వీడే ఆపుతాడు అనుకున్నా. ఆ రాత్రి సుఖంగా పడుకున్నా. పొద్దున చూస్తే ఫిట్ అని రాశావు."

నీ కోసమే రాశానక్కా అన్నాను.

"నా కోసమా? ఈ వయసులో బొగ్గు ఎత్తడం నాకు సరదా అనుకున్నావా?"

మార్చి నుంచి ఆయన కంటికి మధ్యలో మంచు కమ్మినట్టు ఉందట. అందుకే ఇంజను ఎక్కిందట. అయితే నువ్వే చెప్పవచ్చు కదా అని అడిగాను. అలా అడగగలిగినందుకు సిగ్గుపడుతున్నాను.

"నేను చెబితే పెళ్ళాం సాధింపు అంటారు. నువ్వు చెబితే రూలు. ఇన్నేళ్ళూ ఊళ్ళో అందరికీ రూళ్ళు చెప్పావు కదరా. ఒక్కసారి మాకూ చెప్పాల్సింది."

నేను ఆపుతానేమోనని ఎనిమిది నెలలుగా తను నా వైపు చూస్తోంది. పదకొండు రోజులుగా నేను తన వైపు చూశాను.

నవంబరు 18, శనివారం

ఉదయం వాళ్ళింటికి వెళ్ళాను. మూడు పేరాల ప్రకటన రాసుకుని వెళ్ళాను. బావ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను గొంతు సవరించుకోగానే చేయి ఎత్తి ఆపారు. జేబులోంచి సర్క్యులర్ తీసి నా చేతిలో పెట్టి, ఇందులో ఏముందో చదవమన్నారు.

చదివాను.

అయిదు తగ్గాయా, అన్నారు. ముప్పై దాటాక చప్పుడు తేడాగా అనిపించిందట, అయినా లెక్కనే నమ్మారట. తర్వాత నేను మూడు జెండాల సంగతి చెప్పాను. బావ పగలబడి నవ్వారు. కళ్ళ నీళ్ళు తుడుచుకుని, విన్నావుటే, మూడూ ఎరుపేనట, నేను నడిమిది పచ్చ అని దబాయించానట, అని లోపలికి కేకేశారు. అక్క నవ్వలేదు. ఆయన నవ్వూ దానంతటదే ఆగిపోయింది.

"మరి ఫిట్ అని ఎందుకు రాశావోయ్?" అన్నారు.

మీరు బాధపడతారని, అన్నాను.

"బండిలో పిల్లలుంటారు కదయ్యా."

గొంతు పెంచలేదు. ఎప్పుడూ ఏవోయ్ అనే మనిషి అయ్యా అన్నారు. నా మూడు పేరాలూ మడిచి జేబులో పెట్టుకున్నాను. సంచీలోంచి ఫారం తీసి, ఆయన ముందే ఆ మాట కొట్టేశాను. పక్కన సంతకం పెట్టాను. ఏం చేస్తున్నావని అడిగారు. కొట్టేస్తున్నానని చెప్పాను. గట్టిగా కొట్టు అన్నారు.

నవంబరు 19, ఆదివారం

పునఃప్రారంభం జరిగింది. నాలుగో నంబరు ఆవిరి కక్కుతూ ఉన్నచోటే నిలబడింది. వారసత్వాన్ని నింపాదిగా, కదలకుండా ఆస్వాదించాలని అధ్యక్షులవారు ఇరవై నిమిషాలు మాట్లాడారు. చక్రాల ముందూ వెనకా నేనే నాలుగు దుంగలు పెట్టించాను. కార్యక్రమం మధ్యలో రెండుసార్లు వెళ్ళి అవి ఉన్నాయో లేదో చూసొచ్చాను.

అరవై మందీ వరుసకట్టి ఇంజను ఎక్కారు. అక్క ఒక్కొక్కరినీ ఎత్తి పైకి అందించింది. బావ ఒక్కొక్కరి చేతా కూత పెట్టించారు. రెండు జడల పిల్ల ఒకతి మాత్రం దిగనంది. బండి ఎందుకు కదలదని నిలదీసింది. సాంకేతిక కారణాలని చెప్పడానికి నేను ముందుకు వచ్చాను.

డ్రైవరు లేడమ్మా, అని చెప్పారు బావ.

నవంబరు 21, మంగళవారం

ఫలితం తనకు తెలియజేయబడినట్టు ఫారం అడుగున డ్రైవరు సంతకం చేయాలి. గీత ఎక్కడుందోయ్ అన్నారు. ఆయన వేలు పట్టుకుని గీత మొదట్లో ఆనించాను. అక్కడి నుంచి ఆయనే వెళ్ళారు. గీత అయిపోయింది, కాగితం కూడా అయిపోయింది, పేరు ఇంకా మిగిలింది. మిగతాది బల్ల మీద రాశారు. నేను ఆపలేదు.