ఆఖరి శుభలేఖ

బావా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నీ బోటు ఇంజన్‌కి ఆయిల్ కారుతోంది. మల్కాపురం మెకానిక్ ఎంతకీ రాకపోతే నేనే పక్క మూత విప్పాను.

మూతకీ ఇంజన్‌కీ మధ్య, ఆయిల్ కారకుండా నువ్వు పెట్టిన ప్యాకింగ్ అట్ట ఉంది. మీ పెళ్లిలో మిగిలిన శుభలేఖతో కోసినట్టున్నావు. ఆయిల్లో నానినా శిలువ బొమ్మా, నీ పేరు సగమూ కనబడుతున్నాయి. జాగ్రత్తగానే లాగాను, ముక్కలైపోయింది. మిగతాది చాకుతో గీకేయాల్సి వచ్చింది.

జెట్టీ మీదున్న అక్క ఆ ముక్కలు చూసి, ఇంటికెళ్లి పెట్టె అడుగునుంచి ఇంకో శుభలేఖ తెచ్చింది.

"ఇదే ఆకర్దిరా. మీ బావ కోసినట్టు కొయ్యి."

నువ్వు చేసినట్టే అట్టను మూత మీద పరిచి, అంచుల వెంట తెగేలా సుత్తితో మెల్లగా కొట్టాను. ఒక బోల్టు కన్నం దగ్గర చిరిగింది. వేరే అట్ట పెడతానని అక్కతో అనలేక, అదే బిగించాను. ఇంజన్ వేయగానే అక్కణ్ణుంచే చుక్క రాలింది.

"కారడం ఆగిపోనాదేటిరా?" పక్కనే జెట్టీ మీద కూర్చున్న అక్క అరిచింది.

"ఆగిపోనాదక్కా," అన్నాను.

కింద డబ్బా పెట్టాను. అందులో చుక్క పడే చప్పుడు వినబడుతుందని, అక్క ఇంటికి వెళ్లేదాకా ఇంజన్ ఆపలేకపోయాను బావా.