బూరె ఎక్కడికీ వెళ్లదు

కెల్లీవిల్,
ఆదివారం.

పూజ్యులైన అత్తయ్యగారికి,

మీ కోడలు వైశాలి నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ మీ అబ్బాయి, మీ మనవరాలు తేజస్విని, నేను కులాసా. బూరె కూడా కులాసా. దాని పేరు చూడగానే మీ మొహం ముడుచుకుంటుందని తెలుసు, అయినా రాశాను. మీ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? నూనె మర్దన మానకండి.

మీరు రామ్మోహన్‌గారి చేత పంపిన ఉత్తరం, గోంగూర పచ్చడి రెండూ అందాయి. పచ్చడి కంటే ఉత్తరమే ఘాటుగా ఉంది. ఫోన్‌లో అయితే మాటా మాటా పెరుగుతుందని ఉత్తరం రాశానన్నారు. నాకూ ఇదే నయం. కాగితం మీద మీరు మధ్యలో అడ్డు రాలేరు.

"సోఫా మీద పడుకుని టీవీ చూసే బొచ్చుకుక్కకి వేటేమిటే?" అని అడిగారు. అత్తయ్యగారూ, పూడుల్ జాతిని ఒకప్పుడు పెంచిందే నీళ్లలో పడ్డ బాతుల్ని పట్టి తేవడానికట. ఆ ఉంగరాల బొచ్చు అందానికి కాదు, చన్నీళ్ల నుంచి ఒంటిని కాపాడుకోవడానికి. మన బూరె తల్లి పూడుల్, తండ్రి లాబ్రడార్. రెండు వైపులా నీళ్లలో దిగే కుక్కలే. రిబ్బన్లు కట్టి, పార్లర్ల చుట్టూ తిప్పి ఆ సంగతి మనం మరిచిపోయాం.

అలాగని గొప్పలు చెప్పుకోను. బాతుల వేటకి తీసుకెళ్లిన మొదటిసారి, పొలంలో తుపాకీ పేలగానే అది కారు కిందికి దూరింది. ఎంత బతిమాలినా రాలేదు. అక్కడివాళ్లు పగలబడి నవ్వారు. ఒకాయన దానికి గోళ్లరంగు వేసి తీసుకురావాల్సింది అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పంతంతోనే రోజూ పార్కుకి తీసుకెళ్లి, మీ అబ్బాయి పాత మేజోళ్లలో గుడ్డలు కుక్కి, విసిరి తెప్పించాను. చప్పుడు అలవాటు కావాలని గిన్నెలు వాయించాను. పక్కింటివాళ్లు నాకు మతిపోయిందనుకున్నారు. అనుకోనివ్వండి.

ఇక మీ రెండో ప్రశ్న. చచ్చిన పిట్టల్ని మోసే కుక్కని ఇంట్లో పెట్టుకుని దేవుడికి దీపం ఎలా పెడతావన్నారు. పారమట్టాలో నాతో పనిచేసే షెరిల్ మీకు తెలుసు కదా, మీ ఇడ్లీలు అడిగి మరీ పెట్టించుకుంది. వాళ్లన్న గ్రెగ్, లీటన్ అనే ఊరి దగ్గర వరి పండిస్తాడు. నారు మొలిచే వేళ అడవి బాతులు గుంపులుగా దిగి మడులన్నీ తొక్కేస్తాయి. లైసెన్సు ఉన్నవాళ్లు వచ్చి కొన్నిటిని కాలుస్తారు. నేను తుపాకీ పట్టలేదు, పట్టను. కానీ మన ఇంట్లో ఇడ్లీకి నానబోసేది ఆ వైపు బియ్యమే. దెబ్బ తిన్న బాతు తుంగలో చిక్కుకుంటే పొద్దుపోయేదాకా కొట్టుకుంటూనే ఉంటుంది. కుక్క ఉంటే దాన్ని వెంటనే పట్టి తెస్తుంది, బాధ తీరుతుంది. పాపం అంటారా, అనండి. అందులో మన కంచం వాటా కూడా ఉంది. వెతికి తెచ్చిన కుక్క ఒక్కటే పాపిష్టిది ఎలా అయింది? నా దీపం నేను పెడుతూనే ఉన్నాను.

మీ ఉత్తరం చదివి మీ అబ్బాయి మెత్తబడిపోయారు.

"కుక్క ఉన్నంతకాలం అమ్మ గడప తొక్కనంటోంది వైశూ, వాట్ కెన్ ఐ డూ? ఎడ్మండ్‌సన్ పార్క్ ఏరియాలో ఉండే ద్వారకానాథ్ వాళ్లు దీన్ని అడుగుతున్నారు, బ్యాక్‌యార్డ్ కూడా పెద్దది. ఇచ్చేద్దాం" అన్నారు.

తేజు గదిలోంచి వచ్చి, "దెన్ గివ్ మీ అవే టూ!" అని తలుపు ధడాలున వేసుకుంది. బూరె ఆ తలుపు దగ్గరే పడుకుంది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. "ఈ శనివారం మీరూ పొలానికి రండి. అది పనికిరాదని తేలితే మీ ఇష్టం వచ్చినవాళ్లకి ఇచ్చేయండి. పనికొచ్చిందా, ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తకూడదు" అన్నాను. సరేనన్నారు.

నిన్న పొద్దున ఒక బాతు గట్టు అవతల తుంగలో పడింది. గ్రెగ్ ముసలి కుక్క వెతికి వెతికి ఉత్త నోటితో తిరిగొచ్చింది. బూరెని వదిలాను. చాలాసేపు ఏమీ కనబడలేదు. తర్వాత బురదలోంచి దాని తల పైకి లేచింది. నోట్లో బాతు ఉంది, రెక్క ఇంకా కదులుతోంది. ఈదుకుంటూ వచ్చి గట్టెక్కింది, ఎక్కి అక్కడే నిలబడిపోయింది. యూట్యూబ్‌లో నేర్చుకున్నట్టు "గివ్! డ్రాప్!" అని అరిచాను. వదలదు, దగ్గరికి రాదు. అందరూ చూస్తున్నారు. మీ అబ్బాయి తల దించుకున్నారు. అయిపోయింది, బూరెని పోగొట్టుకున్నాను అనుకున్నాను.

అప్పుడు నాకే తెలియకుండా బురదలో మోకాళ్ల మీద కూర్చుని, అరచెయ్యి చాచి, "పెట్టు తల్లీ, ఇక్కడ పెట్టు" అన్నాను. తిన్నగా వచ్చి, కూర్చుని, బాతుని నా చేతిలో పెట్టింది. ఒక్క పంటిగాటు లేదు.

ఇంతవరకూ ఆపుకున్న మాట ఇదే. దాన్ని వేటకుక్కని చేసింది నేను కాదు, మీరు. మీరిక్కడున్నన్నాళ్లూ దాన్ని సాయంత్రం షికారుకి తీసుకెళ్లేవారు గుర్తుందా? పార్కులో బార్బీ అంటూ మాంసం కాల్చుకు తిన్నవాళ్లు పారేసిన కోడి ఎముకలు అది నోట కరుచుకునేది. ఆ మాంసం ముక్క మన గడప దాటకూడదని మీరు అరచేతిలో కాగితం పరిచి, "పెట్టు తల్లీ, ఇక్కడ పెట్టు" అంటూ నిలబడేవారు. కసరలేదు, లాగలేదు. నొప్పి మోకాళ్లతో అది పెట్టేదాకా నిలబడేవారు. కొరక్కుండా పెడితే ఇంటికొచ్చాక పెరుగన్నం ముద్ద. నోట్లో మాంసం ఉన్నా కొరక్కుండా తెచ్చి చేతిలో పెట్టడమే వేటకుక్కకి అన్నిటికన్నా కష్టమైన చదువట. గ్రెగ్ నోరు తెరుచుకుని, దీనికి ఎవరు నేర్పారని అడిగాడు. మా అత్తగారు శ్యామసుందరిగారు అన్నాను. ఆవిడ తుపాకీ కాలుస్తారా అన్నాడు. ఏకాదశినాడు ఉల్లిపాయ కూడా ముట్టరన్నాను.

నిజమే, ఆ బాతుని ఈ చేతులతోనే పట్టుకున్నాను. ఇంటికొచ్చి తలస్నానం చేశాను. తప్పు చేశానని కాదు, జుట్టంతా బురద అయినందుకు.

ద్వారకానాథ్ వాళ్లకి కుక్కని ఇవ్వడం లేదని నేనే ఫోన్ చేసి చెప్పేశాను. మీ అబ్బాయి పక్కనే ఉన్నారు, కాదనలేదు. ఈ ఇల్లు మీది, ఎప్పుడైనా రండి. బూరెని పంపేయాల్సిందే అంటారా, అక్కడి నుంచి ఉత్తరాలు రాయకండి. మీరే వచ్చి, దాని ముందు చెయ్యి చాచి, కళ్లలోకి చూసి పొమ్మనండి. మీ వల్ల అయితే అప్పుడు నేను అడ్డు చెప్పను.

ఇట్లు,
మీ మొండి కోడలు,
వైశాలి.